బెల్లం లేని పెళ్లి

వేణుగిరి రాజు అనంగభూపాలుడికి ఓడ వర్తకులు తెల్లటి పంచదార కానుకగా ఇచ్చారు. రాజుగారు చిటికెడు నోట్లో వేసుకుని మురిసిపోయారు.

ఆస్థాన పండితుడు భీమేశ్వరశాస్త్రికి అంతకంటే ఏం కావాలి?

"ప్రభూ, ఈ పంచదారతో చేసే కలకండ మీకు తగింది, ఉత్త పంచదార మాబోటివాళ్లకు. బెల్లం మోటు తిండి. మట్టి రంగు సరుకు మీ నగరంలో ఉండటమే నామోషీ!"

రాజుగారు వెంటనే బెల్లాన్ని నిషేధించారు. శాస్త్రికి వంటింటి సంగతులు ఏం తెలుసని అడక్కండి. రాజుగారి ముఖం చూసి తల ఊపడం తెలుసు. ఆ కొలువులో అదే పెద్ద చదువు.

మొదటి దెబ్బ వంటమనిషి సూరమ్మకు తగిలింది. పులుసులో చిన్న బెల్లం ముక్క వేసిందని పనిలోంచి తీసేశారు.

"పులుపు విరగడానికి వేసింది ప్రభూ!" అని విదూషకుడు చిట్టెన్న అడ్డుపడ్డాడు.

"అంత జాలి ఉంటే నిషేధానికి నువ్వే కాపలా ఉండు" అన్నారు రాజుగారు.

చిట్టెన్న ఆ రోజే కాపలాకు దిగాడు. ఊళ్లో ఉన్న బెల్లమంతా పట్టుకొచ్చి, ఒక గదిలో పెట్టి తాళం వేశాడు.

కొన్నాళ్లకు శాస్త్రి కూతురి పెళ్లి వచ్చింది. పందిట్లో రాజుగారు కూర్చున్నారు. ముహూర్తం దగ్గరపడగానే పురోహితుడు కేక వేశాడు.

"జీలకర్ర బెల్లం తెండి!"

శాస్త్రి ముఖం పాలిపోయింది. లడ్డూలు తెల్లగా వచ్చాయా లేదా అని చూసుకునే హడావిడిలో ఆ సంగతే మరిచాడు.

చిట్టెన్న వెండి పళ్లెంతో వచ్చాడు. జీలకర్రతో కలకండ కలిపి తెచ్చాడు.

"కానివ్వండి శాస్త్రిగారూ, అన్నిటికన్నా గొప్ప తీపి!"

పెళ్లికూతురు దాన్ని వరుడి నెత్తిన పెట్టింది. పలుకులు టపటపా ఒళ్లో రాలాయి. పంచదార పెట్టి చూశారు. అది జలజలా జారి అతని కళ్లలో పడింది.

వియ్యంకుడు లేచాడు. "ముహూర్తం దాటితే మా అబ్బాయిని తీసుకుపోతాం!"

శాస్త్రి చిట్టెన్న చేతులు పట్టుకున్నాడు. "నీ పుణ్యముంటుంది, ఆ తాళం తియ్యవయ్యా!"

"అయ్యయ్యో! మోటు తిండి మీ అల్లుడుగారి నెత్తినా?"

"మోటూ లేదు, నీటూ లేదు! నెత్తిన నిలిచేది బెల్లమే. నేను వాగింది తప్పు, ముమ్మాటికీ తప్పు!"

చిట్టెన్న ఆయన్ను అలాగే రాజుగారి ముందుకు నడిపించుకు వెళ్లాడు.

"ప్రభూ, ఊరంతా కాపలా కాశాను. బెల్లం కోసం ఏడ్చే నేరస్తుడు ఇన్నాళ్లకు దొరికాడు. శిక్ష ఏం వేయాలో పండితులవారినే అడగండి!"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. పందిరంతా నవ్వింది. నిషేధం అక్కడికక్కడే ఎత్తేసి, గదిలోని బెల్లం ముహూర్తానికి తెప్పించి, సూరమ్మను పనిలోకి పిలిపించమని చెప్పి, మెడలోని ముత్యాల హారం తీసి చిట్టెన్నకు వేశారు.