ఎర్రయ్యమ్మ పిల్లను ఎత్తుకున్న రోజు

అనగనగా, సముద్రం ఒడ్డున ఉప్పు పండించే ఊరొకటి ఉండేదే అమ్మడూ. ఆ ఊళ్ళో ఎర్రయ్యమ్మ అని ఒకావిడ. ఆవిడకి తొలికాన్పులో పుట్టిన పిల్లాడు ఇరవై రోజులకే జ్వరమొచ్చి పోయాడు. ఒంట్లో క్రిములు చేరాయన్నారు డాక్టర్లు. అప్పట్నుంచి ఎర్రయ్యమ్మకి క్రిములంటే హడల్. కడిగిన చేతులే మళ్ళీ మళ్ళీ కడిగేది, వేళ్ళు పగిలిపోయేదాకా.

ఆ తర్వాత మళ్ళీ కడుపు పండింది. నెల ముందే నొప్పులొచ్చాయి. టౌను ఆసుపత్రిలో ఆపరేషను చేసి ఆడపిల్లను తీశారు. ఇంతే పిల్ల! వెచ్చగా ఉండాలని అద్దాలపెట్టెలో పెట్టారు.

మొదటిరోజు అత్తగారు రాములమ్మ వచ్చి, "ఆ పసుపచ్చటి పాలు మంచివి కావే, పిండి పారబోసెయ్. పిల్లకి తేనె నాకిద్దాం" అంది.

అప్పుడు నర్సు రత్నమణి పరుగున వచ్చింది. "అయ్యో పెద్దమ్మా, అవి ముర్రుపాలు! తేనె వద్దే వద్దు" అని, చెంచాలో పిండించి పిల్ల నోట్లో చుక్కచుక్కగా వేసింది.

రెండోరోజు నర్సు పిల్లను తెచ్చి, "గుండెలకి ఆనించుకో" అంది.

ఎర్రయ్యమ్మ వెనక్కి జరిగింది. "వద్దమ్మా! నా ఒంటిమీది క్రిములు అంటుకుంటాయి."

నర్సు మంచం మీద కూర్చుంది. "అంటుకోవాలి మరి. చేతులు కడుక్కోవడం మంచిదే. కానీ క్రిములన్నీ చెడ్డవి కావు. నీ పాలల్లోంచి, నీ ఒంటిమీంచి మంచివి దాని పొట్టలో చేరతాయి. జబ్బుతో పోట్లాడే శక్తి దాని ఒంట్లో ఇంకా పసిది. ఎవరితో పోట్లాడాలో, ఎవరి జోలికి పోకూడదో ఆ మంచి క్రిములతో పెరుగుతూ నేర్చుకుంటుంది."

ఎర్రయ్యమ్మకి భయం పోలేదు గానీ, వింతగా తోచింది. "అంత చిన్నవి, పొట్టలో ఏం తింటాయి?"

"నీ పాలల్లో పిల్లకి అరగని తీపి ఒకటుంది. అది వాటికే."

"పిల్లకి అరగనిది నా పాలల్లో ఉందా? అంటే... నా ఒళ్ళు వాటికీ వండిపెడుతోందా!"

నర్సు నవ్వింది. ఎర్రయ్యమ్మ చేతులు చాచింది. పిల్ల గుండెల మీద పడుకుని, కప్పపిల్లలా ముడుచుకుంది.

మూడోరోజు ఎవరూ చెప్పకుండానే ఎర్రయ్యమ్మే, "పిల్లనివ్వండి" అంది.

ఆ తర్వాత ఇంటికొచ్చారు. ఏడోనెలలో పిల్లకి జ్వరం తగిలింది. ఎర్రయ్యమ్మ పిల్లను ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. డాక్టరు మందిచ్చాడు. మొదటిరోజు పిల్ల కళ్ళు తెరవలేదు. రెండోరోజు పాలు ముట్టలేదు. మందు పనిచేసింది, పిల్ల ఒళ్ళూ గట్టిగా పోట్లాడింది. మూడోరోజు పొద్దున్నే చెమట పట్టి, పాలకోసం ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

అత్తాకోడళ్ళిద్దరూ ఆ ఏడుపు విని నవ్వారు. ఈ పిల్ల కూడా ఎక్కడ పోతుందోనని ఎర్రయ్యమ్మ అప్పటిదాకా పిల్లకి పేరే పెట్టలేదు, తెలుసా? ఆ పొద్దున పాలు తాగుతున్న పిల్ల చెవిలో వంగి పిలిచింది. "ముత్యాలూ!"

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో నీ కంట గూడు కట్టింది.