పోవడానికి ఐదు, రావడానికి పదిహేను

వరాలు అనే గోరింక ఎవరి ముందూ నోరు విప్పి ఒప్పుకోని సంగతి ఒకటుంది: విమానాశ్రయం ప్రహరీ దాటి తనెప్పుడూ ఎగరలేదు. సరుకుల షెడ్డు చూరులో కూర్చుని, ఎదురుగా గోడమీది టైముల పట్టిక చూసి చూసి తనంతట తనే చదవడం నేర్చింది. విమానమెక్కే జంతువులన్నీ ప్రయాణం ఎన్ని గంటలో వరాలునే అడిగేవి. వెళ్ళినవాళ్ళు తిరిగి రారు గనక, లెక్క తప్పిందన్నవాళ్ళూ లేరు.

ఆ పొద్దున మాణిక్యమ్మ బాతు వచ్చింది. పడమటి దేశపు చెరువుకి మకాం మారుస్తోంది. వెంట ఏడు గుడ్ల పెట్టె, రెండు సంచుల వేడి ఊక.

"నన్ను వేరే బోనులో పెడతారట, పొదిగే వీల్లేదు. పెట్టె చుట్టూ ఒక సంచి సర్దితే వేడి ఆరుగంటలు నిలుస్తుంది, రెండూ సర్దితే పన్నెండు. ఎంత దూరమే తల్లీ?"

"ఏడువేల కిలోమీటర్ల పైమాటే. అయినా ఎనిమిదికి లేచి ఒంటిగంటకల్లా దిగుతుంది పిన్నీ. ఐదు గంటలు. ఒక సంచి చాలు."

"రెండోదీ సర్దనా? వదిలెయ్యడానికి మనసొప్పడం లేదు."

"నామీద నమ్మకం లేదా?"

"అయ్యో, నీకంటే తెలిసినవాళ్ళెవరే!"

"ఎందుకక్కా మోత? ఇటు పడెయ్," అన్నాడు షెడ్డు మూలన పడుకుని వింటున్న నక్కబావ.

విమానం వెళ్ళిపోయింది. నక్క ఆ ఊక పరుచుకుని వెచ్చగా చేరగిలబడ్డాడు.

"ఏం మరదలు పిల్లా, అదే విమానం తిరిగొచ్చే టైము చూశావా?"

చూసింది. అక్కడ మూడింటికి లేస్తే ఇక్కడ మర్నాడు ఆరింటికి దిగుతుంది. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. పదిహేను.

"పోవడానికి ఐదు, రావడానికి పదిహేనా? మధ్యలో దారి సాగిందంటావా?" నక్క ఇకిలించాడు. "పిచ్చిదానా, అక్కడి గడియారం మనకంటే ఐదుగంటలు వెనక. ఎటు పోయినా పది గంటలే."

"తెలిసీ చెప్పలేదేం బావా?"

"పంతులమ్మకి పాఠం చెప్పేంతవాడినా? చెబితే నాకీ పరుపెక్కడిది? నోరు మూసుకో. బాతు తిరిగి రాదు, నీ పరువు పోదు."

ఆరుగంటల వేడి. ఆపైన నాలుగు గంటలు, ఏడు గుడ్లు, చలి.

మధ్యలో ఎడారి ఊళ్ళో, ఐదు గంటలయ్యాక, నూనె పోసుకోవడానికి విమానం ఆగుతుంది. అక్కడి షెడ్డులో ఉండే కొంగ తలుచుకుంటే పెట్టె చుట్టూ కాలిన ఇసుక పోయగలదు. కానీ ఫోన్ చేసి కొంగకి జరిగింది చెప్పాలి. సాయంత్రానికల్లా ప్రతి షెడ్డులోనూ వరాలు పేరు చెప్పుకుని నవ్వుతారు.

చాలాసేపు రెక్కల్లో తల దాచుకుంది.

తెలియని లెక్క చెప్పినవాళ్ళకి పోయేది పరువే, నమ్మినవాళ్ళకి పోయేది ప్రాణం.

చూరు దిగి, నక్క పిలుస్తున్నా వినకుండా, కొంగకి ఫోన్ చేయడానికే వెళ్ళింది.