కుండకి రెండు కన్నాలు

అమ్మా వరం, మీ నాన్న చెప్పే కొలను మృగం కథ ఫోన్లో చెప్పి పంపమన్నావుగా. చెప్తున్నా. వాడు చెప్పినట్టు నాకు రాదు, వాడికి అక్కనైనా సరే. వచ్చినంత చెప్తా.

ఒకానొక రాజ్యంలో అని ఎత్తుకునేవాడు వాడు. రాజ్యమంటే మరీ పెద్దదేం కాదు. నల్లకొలను అని ఓ పెద్ద కొలను, దాని చుట్టూ ఊళ్ళు, అంతే. పొద్దున బయల్దేరి చుట్టూ నడిస్తే పొద్దుగూకేసరికి రాజ్యం అయిపోయేది. రాజుగారి పేరు మాత్రం ప్రచండభూపతి. ఆయన ముందు ఒకడు నిలబడి బిరుదులు చదవాలి. చదవడం అయ్యేదాకా ఆయన పాదుకల్లో కాలు పెట్టడు. అన్నం చల్లారిపోయినా సరే, బిరుదులయ్యాకే ముద్ద.

ఆ కొలనులో చేపలు జనానివి, బాతులు రాజుగారివి. చలికాలం ఎక్కణ్ణించో వేలకి వేలు బాతులు దిగేవి. వాటి మీద చెయ్యేస్తే చెయ్యి నరికేస్తారు.

ఆ ఒడ్డున గంగులని ఒకడుండేవాడు. మాటకారి. ఎవడింట్లో ఏడుపున్నా వాడెళ్ళి నాలుగు మాటలు చెప్పి నవ్వించి వచ్చేవాడు. ఆ ఏడాది చేపలు పడలేదు. బాతులు మటుకు ఎదురుగుండా ఈదుతున్నాయి. వాడూ, ఇంకో ఆరుగురూ కలిసి ఓ పని చేశారు. మసిపట్టిన పాత కుండలు తెచ్చి, కుండ నడుం మీద రెండు కన్నాలు పెట్టి, నెత్తి మీద బోర్లించుకున్నారు. పీకల్లోతు నీళ్ళలో దిగి అడుగులో అడుగేసుకుంటూ పోవడం. బాతులకి కుండ తేలుతున్నట్టే ఉంటది. దగ్గరికెళ్ళి నీళ్ళ కిందనించి కాళ్ళు పట్టి లాగెయ్యడమే.

ఒకరోజు పొద్దున్నే ఏడుగురూ వరసలో వస్తున్నారు. అప్పుడే రాజుగారు దోనె షికారుకని ఒడ్డుకొచ్చారు. దోనె తోలేవాడు పేరయ్య. ఈ పేరయ్య గంగులు పెళ్ళానికి సొంత అన్న.

రాజుగారు చూశారు. నీళ్ళలో ఏడు నల్లటి మూపులు, ఒకదాని ఎనకాల ఒకటి. గాలి అటుంటే అవి ఇటొస్తున్నాయి. ఇంకేముంది, దోనె ఎక్కేందుకు బిరుదులు చదివేవాడు ఇంకా మూడో బిరుదులోనే ఉన్నాడు, రాజుగారు కోట దారి పట్టేశారు. ఒక పాదుక బురదలో ఉండిపోయింది.

కోటకెళ్ళి ఊపిరి తీసుకున్నాక ఆయన చెప్పిందేంటంటే, ఏడు మూపుల మృగం తన మీదికొచ్చిందనీ, తను ఒంటిచేత్తో ఎదుర్కున్నాననీ, అది తన దెబ్బకి తాళలేక పాదుక మింగి పారిపోయిందనీ.

"నువ్వూ చూశావు కదరా" అన్నాడు, భటుల్ని పంపి ఒడ్డు నించి పట్టి తెప్పించిన పేరయ్యతో.

"చూశాను ప్రభూ. మృగమైతే కాదు. ముప్పై ఏళ్ళ నించి ఈ నీళ్ళ మీదే ఉన్నా. ఇందులో అట్టాంటిది లేదు."

"అయితే ఏంటది?"

పేరయ్య మాట్లాడలేదు.

"అయితే నేను అబద్ధమాడుతున్నానా?"

దానికీ మాట్లాడలేదు. పట్టుకెళ్ళి కొలను గట్టు మీదే బరువైన చెక్కల బొండకొయ్యలో కాళ్ళు బిగించారు. పున్నమి లోపల మృగం దొరక్కపోతే దానికి వీణ్ణే ఎరగా కట్టమన్నాడు రాజు. అందాకా కొలనులో ఒక్క దోనె దిగకూడదన్నాడు. పున్నమికి పన్నెండు రోజులుంది.

మర్నాడు సభ పెట్టారు. గంగులు కూడా జనంలో ఓ మూల నిలబడ్డాడు.

మంత్రి ముసలాయన లేచి, "ప్రభూ, గాలివానకి కూలిన తాటిమొద్దులు అడుగున నాని నాని ఒక్కోసారి పైకొస్తాయి. నల్లగా వీపులాగే ఉంటాయి" అన్నాడు.

"అంటే నేను మొద్దుతో యుద్ధం చేశానా?"

మంత్రి కూచున్నాడు. వేటగాళ్ళ పెద్ద లేచాడు. "నీటికుక్కలేమో ప్రభూ. తల్లి ముందు, పిల్లలు ఎనక, మునిగీ తేలీ వరసలో పోతుంటే ఒక్క పెద్ద పామే పోతున్నట్టుంటది."

"నేను కుక్కలకి... నేను కుక్కల మీద కత్తి దూశానా?"

వాడూ కూచున్నాడు. వైద్యుడు, పాపం మంచాయన, "అడుగున కుళ్ళిన నాచులో ఆవిరి పుడతది ప్రభూ. ఎండెక్కేసరికి ఆ నాచు తెట్టులు తెట్టులుగా బుసబుసమంటా లేస్తది" అన్నాడు.

"నాచు తేన్చితే నా పాదుక పోయిందా?"

పిట్టల సంగతి తెలిసినాయన ఒకడు పాము మెడ పిట్ట గురించి చెప్దామని లేచాడు. దానికి ఒళ్ళంతా నీళ్ళలో ఉంటది, మెడొక్కటే పాములా పైకుంటది. రాజు మొహం చూసి, ఏం లేదు ప్రభూ, కాళ్ళు తిమ్మిరెక్కితే లేచానని కూచున్నాడంట.

అక్కణ్ణించి ఇంకో రకం మొదలైంది. జోస్యుడు తనూ చూశానన్నాడు, కొమ్ములున్నాయన్నాడు. సేనాపతి బావమరిది నిప్పులు కక్కడం చూశానన్నాడు. వాడు పుట్టి బుద్ధెరిగి కొలను వేపు వచ్చిన మొహం కాదు. రాజుగారు వాళ్ళందరికీ తాంబూలాలిప్పించారు.

గంగులు ఇవన్నీ విన్నాడు. నవ్వించే మాట ఒక్కటీ రాలేదు. నోరు తెరిస్తే ఏడుగురి చేతులు పోతాయి. తెరవకపోతే పేరయ్య పోతాడు. ఇంటికొచ్చేశాడు. ఒక రోజు ఊరుకున్నాడు. రెండ్రోజులు ఊరుకున్నాడు. అట్టా పదిరోజులు ఊరుకున్నాడు. గట్టు మీద పొయ్యిలన్నీ ఆరిపోయాయి. గట్టు వేపు పోవాలంటే బొండకొయ్య కనపడతదని ఊరు చుట్టి పోయేవాడంట.

పదో రోజు మధ్యానం పెళ్ళాం నూకాలు ఇంటికొచ్చింది. అన్నకి గంజి పోసి వస్తోంది.

"మా అన్న నీ గురించి అడిగాడయ్యా."

"ఏమని?"

"గంగులు బాగున్నాడా, తింటున్నాడా అని. కాళ్ళు ఇంతింత వాచిపోయి కూడా అదే అడిగాడు."

"నువ్వేం చెప్పావు?"

"బాగున్నాడనే చెప్పా. చెప్పడానికి సిగ్గేసింది" అని, అటూ ఇటూ చూసి, "ఇంతకీ నా వంటకుండ ఏది? పదిహేను రోజుల్నించి వెతుకుతున్నా" అంది.

వాడు లేచాడు. ఆరోజు బురదలో దొరికితే చూరులో దాచిన రాజుగారి పాదుక తీసి నడుముకి దోపుకున్నాడు. ఆ ఆరుగురి ఇళ్ళకీ పోయి మాట్లాడాడు. అక్కణ్ణించి తిన్నగా కోటకి.

"ప్రభూ, మృగం దొరికింది" అన్నాడు.

రాజు సింహాసనంలోంచి ముందుకి జరిగాడు. "కట్టేశావా?"

"కట్టే పని లేదు ప్రభూ. మీ శరణు కోరుతోంది. మిమ్మల్ని చూసిన కాణ్ణించీ దానికి అన్నం సయించట్లేదు. సిగ్గుతో చచ్చిపోతోంది."

"మృగానికి సిగ్గా?"

"ఇదివరకు లేదు ప్రభూ. ఈ పదిరోజుల్లోనే వచ్చింది."

రాజుకి ఆ మాట బాగా నచ్చేసింది. "మనల్ని చూస్తే మృగాలకి కూడా సిగ్గొస్తదన్నమాట" అని సభంతా కలయజూశాడు. సభ తలూపింది.

"మీరు అభయమిస్తే రేపు పొద్దున్నే మీ కాళ్ళ దగ్గరికొస్తది. అభయం లేందే రాదు."

"శరణన్నదాన్ని చంపడం మా వంశంలో లేదు. ఇచ్చాం."

"దానికి తలలు ఎక్కువ ప్రభూ. ఒక్క తలకేనా, ఎన్నుంటే అన్నిటికీనా?"

"ఎన్నుంటే అన్నిటికీ" అన్నాడు రాజు. గంగులు దాన్ని మళ్ళీ చెప్పించి, బిరుదులతో సహా రాయించి, ముద్ర వేయించుకున్నాడు.

తెల్లారింది. ఒడ్డున పందిరేశారు. రాజుగారు, సభంతా, ఊళ్ళ జనం, అంతా వచ్చారు. బొండకొయ్యలో పేరయ్య కూడా అక్కడే ఉన్నాడు. కాసేపటికి రెల్లు పక్కనించి కదిలాయమ్మా ఏడు మూపులు. నల్లగా, చప్పుడు లేకుండా. జోస్యుడు పందిరి గుంజ ఎనక్కి పోయాడు. సేనాపతి బావమరిది అప్పటికే కనపడలేదు. బిరుదులవాడు చదవడం మొదలెట్టాడు గానీ నోరు ఎండి మొదటి బిరుదు దగ్గరే తిరుగుతున్నాడు. రాజు మటుకు కదల్లేదు. అందరూ చూస్తున్నారు కదా, కదల్లేడు. కుర్చీ చేతులు పట్టుకుని కూచున్నాడు.

మూపులు ఒడ్డు దాకా వచ్చి, నీళ్ళలోంచి పైకి లేచాయి. మెడలు, బుజాలు, బక్కచిక్కిన డొక్కలు. ఏడుగురు మనుషులు. ముందువాడు కుండ తీసి చంకలో పెట్టుకుని మోకాళ్ళ మీద కూచుని, పాదుక రెండు చేతుల్తో ముందు పెట్టాడు.

"ఇదే మృగం ప్రభూ. ఏడు తలలు. అన్నిటికీ అభయం ఉంది. పేరయ్య చెప్పింది నిజం. మీ బాతులు దొంగిలించింది మేము. పదిరోజులు నోరు మూసుకున్నది నేను."

రాజు పాదుక వంక చూశాడు. కుండల వంక చూశాడు. మొహం కందిపోయింది. తను పరిగెత్తిన సంగతి ఈ ఏడుగురికీ తెలుసు. ఇక్కడ వీడు నోరిప్పితే రాజ్యమంతటికీ తెలుస్తది. గొంతు తగ్గించి అడిగాడు.

"ఆరోజు నువ్వేం చూశావు?"

"ఏం చూడలేదు ప్రభూ."

"కుండకి కన్నాలున్నాయి కదరా."

"ఉన్నాయి ప్రభూ. కానీ అవి బాతుల్ని చూడ్డానికి పెట్టిన కన్నాలు. రాజుల్ని చూడ్డానికి పెట్టినవి కావు."

రాజు వాడి వంక అట్టా చూసి చూసి, ముందు ముక్కులోంచి ఓ నవ్వు వచ్చింది, దాన్ని ఆపుదామనుకున్నాడు గానీ ఆగలేదు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "మేము కుండల్ని జయించాం, ఇది కూడా బిరుదుల్లో రాసుకో" అన్నాడంట ఆ చదివేవాడితో. కొలను తెరిపించాడు. పేరయ్యని విప్పమన్నాడు. ఏడాదికి కుండకో బాతు పట్టుకోమన్నాడు. తన మీదున్న జరీ సెల్లా పైబట్ట తీసి గంగులు బుజం మీద కప్పాడు.

మీ నాన్న ఇక్కడ ఆపేవాడు. రాజు నవ్వినట్టు నవ్వి చూపించి, ఇంక పడుకోండ్రా అనేవాడు. దీనికి మిగతాది ఉంది, అది మా అమ్మ నాకొక్కదానికే చెప్పింది. వాడు మంచాన పడ్డాక, "అక్కా, ఆ మిగతాది చెప్పవే" అని అడిగాడు. రేపు చెప్తాలే అన్నా. వాడి వాచిన కాళ్ళ వేపు చూడలేక రెండ్రోజులు ఆ గదిలోకి పోలేదు. మూడోనాడు వాడు లేడు. అందుకని ఇది నీకు చెప్తున్నా.

సెల్లా కప్పుకున్న గంగులు బొండకొయ్య దగ్గరికెళ్ళాడు. భటులు చెక్క ఎత్తారు గానీ పేరయ్య లేవలేకపోయాడు. కాళ్ళు అరటిబోదెల్లా ఉన్నాయి. గంగులు అక్కడే కూలబడి ఆ కాళ్ళు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బావా, నీకు తెలీదు. ఆరోజు మొదటి కుండ నాదే."

"తెలుసు."

"ఎట్టా తెలుసు?"

"దాని అడుగున మూడు గీతలున్నాయిగా. మా చెల్లెలి కాపురానికి కుమ్మరి దగ్గర కుండ చేయించి, కాల్చేటప్పుడు మారిపోకుండా నా గోరుతో నేనే గీశా. కాల్చని పచ్చికుండ మీద. నాకు తెలీదా?"

గంగులికి అప్పుడు అర్థమైంది. ఒక్క మాట చెప్తే ఈయన ఆరోజే ఇంటికెళ్ళేవాడు. చెప్పలేదు.

పేరయ్యే మళ్ళీ అడిగాడు. "ఒడ్డు నించి నన్ను పట్టుకెళ్తుంటే నీ కుండ ఇంకా నీళ్ళలోనే ఉంది. నేను నీకు కనపడ్డానా?"

"బావా, ఆ కన్నాలు..."

"రాజుగారికి చెప్పిన మాట నాకు చెప్పమాక. కనపడ్డానా లేదా?"

"కనపడ్డావు బావా."

పేరయ్య తలూపాడు. తిట్టలేదు. గంగులు సెల్లా తీసి ఆ కాళ్ళకి చుట్టబోతే, "అది గరుకు, ఒద్దు" అని, "కుండ మా చెల్లెలికి ఇచ్చెయ్. కన్నాలు పూడ్చి ఇవ్వు" అన్నాడు.

గంగులు బావని వీపున మోసుకుని ఇంటికి తీసుకొచ్చాడు. బంకమట్టీ సున్నం కలిపి కన్నాలు పూడ్చాడు. నూకాలు అదే కుండలో అన్నకి అన్నం వండేది. ఎంత పూడ్చినా ఆ రెండు కన్నాల్లోంచి ఒక్కో చుక్క కారి నిప్పుల మీద పడేదంట. రాజ్యమంతా గంగులు మాట చెప్పుకుని నవ్వుకుంటుంటే, ఇంట్లో కుండ సుయ్ మన్నప్పుడల్లా వాడు తినే ముద్ద ఆపి తలొంచుకునేవాడంట. ఎదురుగా కూచున్న పేరయ్య ఏమీ విననట్టు, "కూర కొంచెం ఇటు జరుపు గంగులూ" అనేవాడంట.