ఉట్టి మీది విత్తనాలు

ఆ వేళ దస్తగిరికి కాలు ఒకచోట నిలవడం లేదు.

ఫకీరు కరీం తాత దగ్గర చేరి మూడేళ్ళయింది. కరెంటు తీగ కనబడని ఆ గుట్ట మీద బతకడమెలాగో తాత దగ్గర ఒక్కొక్కటే పట్టాడు. మట్టి తొక్కి గోడ పెట్టడం, బోదకసువుతో కప్పు నేయడం, వాననీళ్ళు గుంతలోకి మళ్ళించడం, అన్నీ వచ్చేశాయి. ఎదురు గుట్ట మీద సొంతంగా గుడిసె కూడా లేపాడు. నిన్న తొలివాన పడింది. ఇక జొన్న విత్తుకుంటే చాలు, ఏడాదంతా ఎవరి గడపా తొక్కనక్కర్లేదు.

"సెలవియ్యి తాతా. ఇంక నాకు ఎవరితోనూ పని లేదు," అన్నాడు.

"విత్తనం భద్రమేనా?" అన్నాడు తాత.

భద్రమా! అడగాలా ఆ మాట? కోతలప్పుడు తాత తన వంతు కంకులు దారిన పోయేవాళ్ళందరికీ పంచుతుంటే దస్తగిరికి ఒళ్ళు మండిపోయింది. కింది పల్లె సుంకులమ్మకైతే ఏకంగా ఒడి నింపాడు తాత. "ఇట్లా పంచుకుంటా పోతే రేపు మనకు చిప్పే గతి," అని ఆమె మొహం మీదే అనేశాడు దస్తగిరి. తన వంతు గింజల్ని మాత్రం కుండలో పోసి, మూతకు మట్టి మెత్తి, పొయ్యి పైన ఉట్టికి కట్టాడు. పొగ తగిలితే పురుగు పట్టదు. అందరూ ఉట్టిని కప్పుకు ఆనించి కడతారు. మనవాడు మరీ తెలివిగా రెండు మూరలు కిందికి దించాడు, పొగ ఇంకా బాగా తగలాలని.

"కుండ తే," అన్నాడు తాత. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది.

దస్తగిరి మూత తీసి చూపించాడు. ఒక్క పురుగు లేదు. గింజలు నిగనిగలాడుతున్నాయి.

తాత కుండ అందుకుని, బిస్మిల్లా అని, మొత్తం ఎసట్లో కుమ్మరించాడు.

దస్తగిరి పొయ్యి దగ్గరికి దూకాడు.

"తాతా! అవి విత్తనాలు! నా ఏడాది తిండి! మతి గాని పోయిందా నీకు?" గరిటె లాక్కుని తోడబోయి చెయ్యి కాల్చుకున్నాడు.

తాత గూట్లోంచి తడిగుడ్డ మూట తీసి వాడి చేతిలో పెట్టాడు. "నాలుగు రోజుల కింద నీ కుండలోంచే పిడికెడు తీసి, మళ్ళీ మట్టి మెత్తినా. విప్పు."

విప్పాడు. గింజలు నాని ఉబ్బి పులిసిన వాసన కొడుతున్నాయి. ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఒక్కదానికీ మొలక రాలేదు. తలెత్తి ఉట్టిని చూశాడు, తల దించి పొయ్యిని చూశాడు.

"సెగకు వేగినవి తినాల గానీ, విత్తితే ఏమొస్తుంది?" అన్నాడు తాత.

"నేల పదును ఆరిపోతే ఏడాది పోయినట్టే కదా తాతా! విత్తనం ఏడ తెచ్చేది?" దస్తగిరికి ఏడుపొచ్చేసింది.

తాత గుట్ట కిందికి చెయ్యి చూపించాడు.

పోయి పోయి సుంకులమ్మ దగ్గరికా! ఖాళీ కుండ పట్టుకుని దిగాడు. ఆమె వాకిట్లోనే ఉంది. కుండ వంక చూసింది. వాడు నోరు తెరవకముందే లోపలికి పోయి చాటెడు జొన్నలు తెచ్చింది.

"తాత ఇచ్చిన కంకుల్లోవే నాయనా. మా ఇంట్లో ఉండాయి, మా చెల్లెలింట్లో ఉండాయి, పల్లెలో పదిళ్ళల్లో ఉండాయి. చాలకపోతే మళ్ళీ రా."

చిప్ప మాట ఆమె ఎత్తనే లేదు. దస్తగిరి తల ఎత్తలేకపోయాడు.

గుట్టెక్కేసరికి గుగ్గిళ్ళు ఉడికాయి. తాత పిడికెడు తీసుకుని ఊదుకుంటూ తింటున్నాడు.

"ఈసారి ఏ ఉట్టికి కడతావు?" అన్నాడు.

దస్తగిరి విత్తనాలు తాత పక్కన పెట్టి, వేడి గుగ్గిళ్ళ కుండ నెత్తికెత్తుకుని మళ్ళీ పల్లె దారిన గుట్ట దిగాడు.