దగ్గులమ్మ రాయి

భూమికి నడినెత్తి మీద, ఇంక పైకి పోడానికి చోటు లేని దగ్గర వెలిసింది మన దగ్గులమ్మ. దీవంతా మంచుగడ్డే. ఓడ దిగ్గానే వాతావరణం కొలిచే ఆఫీసు, దాని వెనక పసుపు పూసిన నల్లరాయి. అదే అమ్మ. ఇక్కడ టీ పోసేది వేడిగానే గాని, నోటికొచ్చేసరికి నమలాల. నమ్మనోళ్ళు తాగి చూసుకోండి.

పూర్వం ఇక్కడ తెల్ల ఎలుగుబంట్లే కాపరాలుండేవి. ఆ ఆఫీసు కట్టడానికి శ్రీకాకుళం నుంచి వెల్డింగోళ్ళం వచ్చాం. మాలాటోళ్ళు కాబట్టి నిలబడ్డాం, వేరేవోళ్ళయితే ఓడలోంచే దండం పెట్టి పోదురు.

ఒకనాడు మా దానయ్య నీళ్ళకోసం మంచుగడ్డ కొట్టి తేడానికెళ్ళాడు. వెళ్ళాడో లేదో, తెల్లటి పొగమంచు కమ్మేసింది. చెయ్యి చాపితే వేళ్ళు లేవు. గుమ్మం ముందు చూస్తే దానయ్య అడుగులు, వాటి మీద చేటంత ఎలుగుబంటి అడుగులు. పిలిచాం. పలకలేదు. తుపాకీ ఉంది గాని ఎటు కాల్చాల? తగిలేది దానయ్యకే కావచ్చు.

వంట చేసే అసిరయ్య దానయ్యకి బావ. "మావోడికి దిష్టి తగిలింది" అని మిరపకాయల సంచి ఎత్తి, దానయ్య పడుకునే మంచం చుట్టూ తిప్పాడు.

"అన్నీ పోసేస్తే రేపు పులుసెలాగ?" అన్నాను.

"ముందు తినేవోడు రావాల గదా" అని సంచంతా పొయ్యిలో దులిపేశాడు.

ఆ చలికి పొగ పైకి లేవలేదు, గుమ్మం దాటి నేల మీదే పాకింది. ముందు మేం దగ్గాం. తరవాత సముద్రం పక్క నుంచి గుహలో పీపా దొర్లినట్టు ఒక దగ్గు, ఆ వెనకే నీళ్ళలో దూకిన చప్పుడు. ఎలుగుబంటి మిరపకాయ ఘాటెప్పుడు ఎరుగుద్ది? దానయ్య దగ్గు కోసం చెవులు రిక్కించాం. ఎంతకీ ఏం లేదు. అసిరయ్య ఖాళీ సంచినే మళ్ళీ పొయ్యిలో దులిపాడు.

అప్పుడు నల్లరాయి వెనక నుంచి బీడీ దగ్గు. దానయ్యదే.

ఈడ్చుకొచ్చి పొయ్యి దగ్గర పడేశాం. "పిలిస్తే పలకవేట్రా?" అన్నాడు అసిరయ్య, కళ్ళు తుడుచుకుంటా.

"పలికితే నీకంటే ముందు దానికి వినబడదా, బావా?"

ఆ పూట పడుకున్నాక అమ్మ అసిరయ్య కల్లోకొచ్చింది. మీవోణ్ణి దాచింది నేనే, నా రాయికి పసుపు పుయ్యండి, మిరపకాయలు మాత్రం కాస్త తగ్గించండి అని దగ్గుతానే చెప్పిందంట.

అప్పట్నుంచి బయటికెళ్ళేవోడు రాయి ముందు ఒక దగ్గు దగ్గుతాడు. లోపలోళ్ళు తిరిగి దగ్గేదాకా అడుగు కదపడు. మీరూ అలాగే చెయ్యండి. అలా వెళ్ళినోణ్ణి అమ్మ ఇంతవరకూ పోగొట్టలేదు. దానయ్య ఇంకా బీడీ మానలేదు. అడిగితే, "అమ్మ నన్ను గుర్తుపట్టాల గదా" అంటాడు.