వెలిగించని కొవ్వొత్తి

వేదాద్రి మాస్టారిని ఏది అడిగినా మొదట వచ్చే జవాబు ఒక్కటే: "చెప్పులేసుకో." తెలిసిన సంగతైనా సరే, కుర్చీలో కూర్చుని చెప్పడం ఆయనకు చేతకాదు. కాలేజీలో చరిత్ర చెప్పిన రోజుల్లోనూ ఇంతేనట, పిల్లల్ని ఎండలో పడి తిప్పుతున్నాడని ప్రిన్సిపాలు తల పట్టుకునేవాడట. రిటైరయ్యాక ఆ తిరుగుడు ఇంకాస్త ముదిరింది. మా చుట్టుపక్కల పల్లెల నుంచి పాత యుద్ధాలకు పోయి తిరిగిరాని సిపాయిలు ఎవరు, వాళ్ళ ఇళ్ళు ఏవి, ఆ ఇళ్ళలో ఇప్పుడు ఎవరున్నారు, ఇదీ ఆయన నెత్తినేసుకున్న పని. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు.

మురహరి ఆయనకు కొత్త శిష్యుడు. తెలివైనవాడు, ఒళ్ళు దాచుకోడు. కాకపోతే చేసిన పనికి ఫలితం వెంటనే కనబడాలి, లేకపోతే మొహం మాడ్చుకుంటాడు. నేను పాతవాణ్ణి. ఫొటోలు తీయడం, కారు తోలడం నా వంతు. మొహం మాడ్చుకునే తీరిక నాకెప్పుడూ దొరకలేదు.

ఆ ఏడు ఈశాన్యపు కొండల్లోని ఒక సైనిక శ్మశానం నుంచి మాస్టారికి సమాధిరాయి ఫొటో ఒకటి వచ్చింది. బర్మా యుద్ధంలో పోయిన మనవైపు సిపాయిది. పేరు ఇన్నాసి, తండ్రి రాయప్ప, ఊరు నల్లరేగడిపాలెం అని అక్కడివాళ్ళు చెప్పారు. పునీతుల, అంటే సెయింట్ల, పేర్లు పెట్టుకునే క్రైస్తవుల ఊరది, ఇన్నాసి అంటే ఇగ్నేషియస్. మురహరి ఆ ఊరు పోయి కనబడ్డ పెద్దవాళ్ళనల్లా అడిగాడు. "యుద్ధంలో చచ్చినవాళ్ళా? మా ఊళ్ళో ఎవరూ లేరండీ. పోయినవాళ్ళంతా తిరిగొచ్చి పింఛను తిని మరీ పోయారు" అన్నారు. ఇన్నాసి అనే పేరే ఎవరూ వినలేదు. రాయప్పలంటే మాత్రం వీధికొకడున్నాడు. గుళ్ళో జ్ఞానస్నానాలు రాసే పుస్తకాలు చూద్దామంటే పాత గుడి తుఫానుకు కూలినప్పుడు అవీ నాని ముద్దయిపోయాయి. మురహరి మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ అదే మాట. చివరికి ఒక మధ్యాహ్నం వచ్చి బల్లమీద సంచీ పడేసి కూలబడ్డాడు.

"కోప్పడకండి మాస్టారూ" అన్నాడు. "ఆయన పోయి ఎన్నేళ్ళయింది! ఇల్లు దొరికితే మాత్రం లేచి వస్తాడా? చచ్చినవాళ్ళ వెనకాల ఇట్లా పడి తిరగడం వల్ల ఎవరికేం ఒరుగుతుంది? చెప్పండి."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గోడమీద క్యాలెండరు వంక చూశారు.

"ఇవాళ నవంబరు రెండు కదూ? చెప్పులేసుకో."

నవంబరు రెండంటే ఆత్మల పండుగ. ఊరివాళ్ళు సమాధుల పండుగంటారు. ముందురోజే సమాధులకు సున్నం కొట్టి, పండుగ సాయంత్రం పూలు పెట్టి, తమవాళ్ళ తలదగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు. మేం నల్లరేగడిపాలెం చేరేసరికి పొద్దు వాలుతోంది. రాత్రి పడ్డ వానకు రేగడి కదా, కారు ఊరి బయటే పీకలదాకా దిగబడింది. దాన్నట్లా వదిలేసి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాం.

సమాధుల దొడ్లో తిరునాళ్ళలా ఉంది జనం. బంతిపూలు, సాంబ్రాణి పొగ, పాత స్నేహితుల పలకరింపులు. ఫాదర్ గారు తీర్థం చల్లుకుంటూ వరసల మధ్య నడుస్తున్నారు. నడిమధ్యలో పెద్ద సిలువ ఉంది. దూరదేశంలో పోయి, ఇక్కడ సమాధి లేనివాళ్ళకోసం దానికింద కొవ్వొత్తి పెట్టడం ఆ ఊరి ఆచారం. మురహరి ఎవరినో అడగబోతే మాస్టారు చెయ్యి పట్టి ఆపారు. "అడిగింది చాల్లే. కాసేపు చూడు" అని పిట్టగోడమీద చతికిలబడ్డారు. మేమూ కూర్చున్నాం. దోమలు మాత్రం మమ్మల్ని బాగా ఆదరించాయి.

ఒక ముసలావిడ కనిపించింది. ఎనభైకి అటో ఇటో ఉంటాయి, మనిషి బక్కపలచన. ఒక సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి, రెండోది చేత్తో పట్టుకుని పెద్ద సిలువ దాకా వచ్చింది. నిలబడింది. సిలువగుర్తు వేసుకుంది. కొవ్వొత్తి వెలిగించకుండానే బొడ్లో దోపుకుని వెనక్కి తిరిగింది. మాస్టారు లేచి ఎదురెళ్ళారు.

"అమ్మా, అగ్గిపెట్టె కావాలా?"

"ఉందయ్యా. ఇది వెలిగించకూడదు."

పక్కనున్న ఇంకో పెద్దావిడ, పేరు లూర్దమ్మ అని తర్వాత తెలిసింది, మామీదికి గయ్‌మని లేచింది. "మీరెవరో గానీ పెద్దాయనా, పండగపూట అరుళమ్మను ఏడిపించకండి! ఆ మాట మా ఊళ్ళో మేమే ఎత్తం, మీకెందుకూ?"

"ఎత్తకపోతే నాకు తెలియదా లూర్దూ" అంది ముసలావిడ నిదానంగా. "మా నాయనదయ్యా ఈ కొవ్వొత్తి. నేను కడుపులో ఉండగా పటాలంలోకి పోయాడు. అప్పటికే తాతా నాయనమ్మా లేరు. నాయన మళ్ళీ రాలేదు, కబురూ లేదు. పటాలం నుంచి పారిపోయి, సిలోనులో ఇంకో కాపురం పెట్టాడని ఊరంతా అన్నారు. నన్ను ఎదురుగా ఏమీ అనరు, మంచోళ్ళే. కానీ నేను పక్కకి తిరిగితే పారిపోయినోడి కూతురినే. మా అమ్మ నమ్మలేదు. అట్లాగని చచ్చాడనీ ఒప్పుకోలేదు. ఉన్నాడో పోయాడో తెలియకుండా సిలువకింద దీపం పెడితే బతికున్న మనిషిని చంపినట్టేనే అనేది. ఏటా కొని తెచ్చేది, ఏటా ఇంటికి పట్టుకెళ్ళేది. మెళ్ళో పుస్తెలతోనే ఆమెను మట్టి చేశాం. ఇప్పుడు నేను తెస్తున్నాను. నేను పోయేలోగా ఏదో ఒకటి తెలిస్తే బాగుండునని ఆశ. పారిపోయాడని తెలిసినా సరే, తిట్టుకుని పడుకుంటాను కదా."

లూర్దమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. నేను కెమెరా సర్దుకుంటున్నట్టు నటించాను.

మురహరి ఉండబట్టలేక అడిగేశాడు. "మీ నాయనగారి పేరు ఇన్నాసి కాదు కదండీ?"

"కాదు బాబూ. బుల్లయ్య. ఊరంతా బుల్లయ్యే. నా పెళ్ళికి గుళ్ళో చాటినప్పుడు కూడా బుల్లయ్య కూతురు అరుళమ్మ అనే చదివారు."

మురహరి ఉసూరుమంటూ మాస్టారి వంక చూశాడు. ఇంతేగా, పదండి అన్నట్టుంది ఆ చూపు. మాస్టారు అది పట్టించుకోలేదు.

"మీ అమ్మగారు ఏమని పిలిచేవారమ్మా ఆయన్ని?"

"అయ్యో, ఆమె మొగుడి పేరు ఎత్తుతుందా! చంపినా ఎత్తదు. 'మీ నాయన' అంటే అంతే."

"అవును, ఎత్తరు" అన్నారు మాస్టారు. "పోనీ ఏ పండుగన్నా ప్రత్యేకంగా చేసేదా? ఊళ్ళో ఎవరూ చెయ్యనిది, ఆమె ఒక్కతే చేసేది?"

అరుళమ్మ కాస్త ఆలోచించి నవ్వింది. "చేసేదయ్యా, భలే అడిగారు. వానాకాలంలో పునీత ఇన్నాసి పండుగ వస్తుంది కదా, జూలై ఆఖరున. ఆ పునీతుడంటే ఆమెకు ఎక్కడలేని భక్తి. ఇంట్లో గింజలున్నా లేకపోయినా ఆరోజు పాయసం వండాల్సిందే. ముందు ఒక గిన్నెలో తీసి పటం ముందు పెట్టి, ఆ తర్వాతే నాకు. అంతమంది పునీతులుండగా ఈయనే ఎందుకే అంటే, నీకెందుకు తిను అనేది."

చెప్పడం ఆపి ఆమె మా మొహాలు చూసింది. మురహరి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. వాళ్ళలో ఎవరికి ఏ పునీతుడి పేరు పెడితే ఆ పునీతుడి రోజు వాళ్ళకు పుట్టినరోజులాంటిదే, ఇంట్లో తీపి వండి చేస్తారు. బుల్లయ్యకు జ్ఞానస్నానంలో పెట్టిన పేరు ఇన్నాసి, పటాలంలో అదే చెప్పాడు సరే. ఇంట్లో ముద్దుపేరు అలవాటైపోయి అసలుపేరు ఊరు మరిచిపోయింది. గుర్తున్నది ఒక్క పెళ్ళానికి. ఆమె నోరు తెరిచి చెప్పకూడదు.

"మీ తాతగారి పేరమ్మా?" అడిగారు మాస్టారు.

"రాయప్ప."

మాస్టారు నాకేసి చెయ్యి చాపారు. ఫొటో ఇచ్చాను. ఆయన దాన్ని ఆమె చేతిలో పెట్టి, ఆ చేతిని వదలకుండా చెప్పారు. "అరుళమ్మగారూ, మీ నాయన పారిపోలేదు. యుద్ధంలోనే చనిపోయాడు. రాయి నిలబెట్టి, పైన సిలువ చెక్కి, ఆయనపేరు రాశారు. ఇన్నాసి. ఇదిగో, ఇదే ఆయన సమాధి."

ఆమెకు చదువు రాదు, ఫొటోలో రాయిని వేలితో తడిమింది.

"చచ్చిపోయాడా?"

"అవునమ్మా."

"నిజంగా చచ్చిపోయాడా అయ్యా?"

"నిజంగానే."

"అమ్మయ్య!" అంది అరుళమ్మ.

ఆ మాట అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. అటూ ఇటూ ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆమెకు అదేం పట్టలేదు. "అమ్మయ్య! లూర్దూ, విన్నావా? మా నాయన చచ్చిపోయాడంట! ఎక్కడికీ పోలేదంట!" అంటూ వాళ్ళమ్మ సమాధి దగ్గరకు పరుగులాంటి నడకతో పోయింది. కొత్త సున్నం చేతికంటుకుంటున్నా లెక్కచెయ్యకుండా దానిమీద దబదబా చరిచింది. "అమ్మా, లేచి వినవే! నీ మొగుడు సిలోనూ పోలేదు, గిలోనూ పోలేదు. నువ్వనుకున్నట్టే మంచోడే." నవ్వుతోంది, ఏడుస్తోంది, మధ్యలో ముక్కు చీదుతోంది. ఫాదర్ గారు తీర్థపు గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు.

"మరి అప్పట్లో పటాలం వాళ్ళు కబురు చెయ్యలేదా?" అన్నాడు మురహరి మెల్లగా.

"చేసే ఉంటారు. తంతి తెచ్చినవాడు ఇన్నాసి ఇల్లెక్కడని అడిగి ఉంటాడు. ఆ పేరుగలవాడు మా ఊళ్ళో లేడు పొమ్మని ఉంటారు. ఈవిడ తల్లి అప్పటికి పురిటికి పుట్టింటికి పోయి ఉంటుంది." మాస్టారు కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నారు. "పాపం, వాడూ నీలాగే సంచీ తగిలించుకుని వెళ్ళిపోయి ఉంటాడు."

ఇంకో రోజైతే నేను మురహరిని చూసి నవ్వేవాణ్ణి. ఆరోజు బుద్ధి కాలేదు.

అరుళమ్మ బొడ్లోంచి కొవ్వొత్తి తీసి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. లూర్దమ్మ చెవిలో ఏదో చెప్పింది. లూర్దమ్మ ఆ వయసులో ఆ బురదలో అట్లా పరిగెత్తగలదని నేననుకోలేదు. వెనక్కి వచ్చేసరికి చంకలో ఒక వెదురుబుట్ట. అందులో కొవ్వొత్తులు. ఇన్నేళ్ళూ తల్లీ కూతుళ్ళూ తెచ్చి, వెలిగించకుండా ఇంటికి పట్టుకెళ్ళినవన్నీ. కొన్ని పసుపు తేలాయి, కొన్ని ఎండలకు వంగిపోయాయి, కొన్నిటిని ఎలుకలు కొరికాయి. ఒక్కదాన్నీ పారెయ్యలేదు వాళ్ళు.

పెద్ద సిలువ కింద ఆమె మొదటిది వెలిగించింది. తర్వాత ఒకరూ ఇద్దరూ వచ్చి తలా ఒకటి అందుకున్నారు. తర్వాత ఊరే వచ్చింది. పక్కకి తిరిగితే పారిపోయినోడి కూతురన్నవాళ్ళూ వచ్చి, మాటా పలుకూ లేకుండా వంగి వెలిగించారు. ఒక ముసలాయన మాత్రం "తప్పయిపోయింది అరుళక్కా" అన్నాడు. "పోనీలేరా, నీకు మాత్రం ఏం తెలుసు" అందామె. ఆ మొహంలో అంత తెరిపి నేనెక్కడా చూడలేదు.

చీకటి పడింది. ఫాదర్ గారు ఇన్నాసి పేరు పైకి చదివి ప్రార్థన చెప్పారు. ఆ ఊరిగాలిలో ఆ పేరు పలకడం ఎన్నేళ్ళకో. జనం పలచబడ్డాక అరుళమ్మ మురహరిని పిలిచింది. "బాబూ, ఇటు గాలి కొడుతోంది. కాస్త చెయ్యి అడ్డం పెట్టు నాయనా, ఇది అమ్మ కొన్న మొదటిది. ఆరిపోతే నా ప్రాణం ఒప్పదు."

మురహరి మోకాళ్ళమీద బురదలో కూర్చుని రెండు చేతులూ అడ్డం పెట్టాడు. మైనం కారి వేళ్ళమీద పడుతున్నా కదల్లేదు. మేం కారు తీయించడానికి మనుషుల్ని మాట్లాడుకుని వచ్చేసరికి కూడా అట్లాగే ఉన్నాడు. పక్కన అరుళమ్మ మోకాళ్ళు చుట్టుకుని కూర్చుని, వాళ్ళమ్మ పాయసంలో బెల్లం ఎంత వేసేదో వాడికి చెబుతోంది.

"చెప్పులేసుకో మురహరీ, పోదాం" అన్నారు మాస్టారు.

"కాసేపాగండి మాస్టారూ. ఇది ఇంకా ఉంది. గాలికి ఆరిపోతుందేమో."

మాస్టారు అతని పక్కన నిలబడి ఆ వెలుగు వంకా, ఆ ముసలావిడ వంకా చూశారు.

"చెయ్యి ఎవరికోసం అడ్డం పెట్టావురా?" అన్నారు. "పోయినాయన కోసమా, ఉన్నావిడ కోసమా?"