నల్లబడిన ఊసరవెల్లి

అనగనగా ఒక రాజ్యం, ఆ రాజ్యమంతా భయం. అక్కడి రాజు ప్రచండసేనుడు నవ్వినా సరే, జనం రెండడుగులు వెనక్కి వేసేవారు.

ఒకనాడు పరదేశపు వర్తకుడొకడు ఆయనకు ఆకుపచ్చని ఊసరవెల్లిని కానుకగా ఇచ్చి, "ప్రభూ! ఇది పచ్చగా ఉన్నంతకాలం మీ రాజ్యం పచ్చగా ఉంటుంది" అన్నాడు. మంచి బహుమతి పుచ్చుకొని తన దారిన తాను పోయాడు. రాజు ఆ మాట నమ్మేశాడు.

మర్నాటికల్లా ఊసరవెల్లి నల్లబడింది. రాజు గుండె జారిపోయింది.

మొదట కోశాధికారిని పిలిచాడు. ఆయన దాన్ని అద్దాల గదిలో బంగారు పంజరంలో పెట్టించి, బంగారు గిన్నెలో పాలు పోయించాడు. ఊసరవెల్లి ఆ గిన్నె వంక చూడనైనా లేదు. ఎటు తిరిగినా అద్దంలో మరో ఊసరవెల్లి మీదికొస్తున్నట్టు కనబడి, ఇంకా నల్లబడింది. కోశాధికారి చెరసాల పాలయ్యాడు.

తరువాత రాజవైద్యుడు వచ్చాడు. నాడి ఎక్కడ చూడాలో తెలియక తోక పట్టుకున్నాడు. గాలి తగలకూడదని కిటికీలన్నీ మూయించి, నోట్లో నేతి అన్నం కుక్కబోయాడు. ఊసరవెల్లి కళ్ళు లోతుకు పోయాయి. వైద్యుడూ చెరసాలకే వెళ్ళాడు.

మూడోసారి భటులు తమలపాకు తోటకు పోయి, అక్కడ పనిచేసే నాంచారమ్మను లాక్కొచ్చారు. ఆ తీగల మీద ఊసరవెల్లులు తిరుగుతాయని ఎవరో చెప్పారట. ఇంటి దగ్గర ఆమెకు పాలు తాగే పసిబిడ్డ ఉంది.

"సాయంత్రంలోగా ఇది పచ్చబడాలి. లేకుంటే నువ్వూ చెరసాలకే!" అన్నాడు రాజు.

నాంచారమ్మ పంజరంలోకి చూసింది.

"అయ్యో, ఇది దాహంతో చచ్చిపోతోంది మారాజా!"

"ఎదురుగా పాలు పెట్టుకొని దాహమేమిటి?"

"గిన్నెలోవి ఇది తాగదు. ఆకు మీద నీటిచుక్క మెరిస్తేనే తాగుద్ది."

ఆమె అద్దాల మీద గుడ్డలు కప్పింది. కిటికీ తెరిచి, సగం ఎండా సగం నీడా పడేచోట తీగ కుండీ పెట్టింది. ఊసరవెల్లిని తీగ ఎక్కించి, నాలుగు మిడతలు వదిలి, ఆకుల మీద నీళ్ళు చిలకరించింది.

అది కదలలేదు. పొద్దు వాలుతోంది. రాజు ఆత్రంగా వంగి చూసినప్పుడల్లా అది మరింత నల్లబడుతోంది. సంగతి నాంచారమ్మకు అర్థమైంది. చెప్పకపోతే సాయంత్రం చెరసాల, చెబితే ఇప్పుడే ప్రాణం పోవచ్చు. బిడ్డను తలచుకొని చేతులు జోడించింది.

"మారాజా, తమరు అవతలికెళ్ళాలి. తమర్ని చూసే ఇది బెదిరిపోతోంది."

గదిలో ఉన్న మంత్రులు రెండడుగులు వెనక్కి వేశారు. రాజు చెయ్యి కత్తి మీదికి పోయింది. కానీ ఊసరవెల్లి చచ్చిపోతుందన్న భయమే ఆయనకు ఎక్కువైంది. మెల్లగా తెర వెనక్కి తప్పుకున్నాడు.

కాసేపటికి ఊసరవెల్లి ఒక కన్ను తెరిచింది. ఆ కన్ను అటూ ఇటూ తిప్పింది. ఆకు మీది చుక్క ఒకటి నాకింది. మరొకటి నాకింది. నల్లని ఒంటి మీద కొంచెం కొంచెంగా పచ్చదనం తేలింది.

"నేనంటే దానికి అంత భయమా?" అన్నాడు రాజు తెర వెనక నుంచి.

"దానికొక్కదానికేనా మారాజా?" అని నాంచారమ్మ బావురుమంది.

రాజు తెర తప్పించి మంత్రుల వంక చూశాడు. ఒక్కరూ తల ఎత్తలేదు. ఆయనకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సిగ్గేసింది. చెరసాల తలుపులు తెరవమన్నాడు. నాంచారమ్మ వెనక్కి చూడకుండా బిడ్డ దగ్గరికి పరుగెత్తింది.

పిల్లలూ, ఏ ప్రాణినైనా పెంచదలచినవారు బంగారు గిన్నె కన్నా ముందు దానికి బెదురు లేని చోటు ఇవ్వాలి.